పక్కనుంచి తోసినా పడని గోడ: పాత ఇటుక ఇంటికి బెల్టు వేయించుకోవడం ఎలా

2024 డిసెంబర్ 4 పొద్దున్న ఏడున్నర కావస్తుండగా ములుగులో భూకంపం వచ్చింది గుర్తుంది కదా, 5.3 తీవ్రత, ఇటు హైదరాబాద్ దాకా అటు విజయవాడ దాకా తెలిసింది. భద్రాచలం పక్క ఊళ్ళో మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఆ పూట అటక మీది స్టీలు డబ్బాలు రెండు కింద పడ్డాయి, ఫోన్ చేస్తే ఏం కాలేదు నాయనా అంది, మేం కూడా అంతే అనుకున్నాం. పది రోజుల తర్వాత వెళ్ళి చూస్తే వంటింటి కిటికీ పై మూల నుంచి స్లాబు దాకా ఏటవాలుగా ఒక పగులు, గోరు దూరేంత. ఇంకోటి వంటిల్లు గోడా హాలు గోడా కలిసే మూలలో పైనుంచి కిందకి నిలువుగా, అది బీరువా వెనకాల ఉంది కాబట్టి ఎవరూ చూళ్ళేదు. నాకు భయం వేసింది ఆ రెండోదాన్ని చూసే. 1969 ఏప్రిల్ 13న అదే భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, అంటే ఈ ప్రాంతానికి ఇది కొత్త కాదు, మళ్ళీ రాదని ఎవరూ రాసివ్వలేరు.

ఆ ఇంటికి మేం ఏం చేయించామో, ఎందుకు చేయించామో మొత్తం రాస్తున్నా. మన ఊళ్ళల్లో పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు వేసిన ఇళ్ళు వేలకొద్దీ ఉన్నాయి, 70ల్లో 80ల్లో కట్టినవన్నీ దాదాపు అంతే, వాటిల్లో మన పెద్దవాళ్ళే ఉంటున్నారు.

ముందు గోడ ఎలా పడుతుందో అర్థం చేసుకోవాలి, లేకపోతే మేస్త్రీ ఏది చెప్తే దానికి తలూపుతాం. ఒక అట్టముక్క తీసుకుని టేబుల్ మీద నిలబెట్టండి. దాని వెడల్పు వైపు నుంచి వేలితో తోస్తే పడిపోతుంది, అదే దాని అంచు వైపు నుంచి పొడుగు వెంబడి తోస్తే నిలబడుతుంది. గోడ కూడా అంతే. పొడుగు వెంబడి దానికి మంచి బలం ఉంటుంది, అడ్డంగా తోస్తే ఏమీ ఉండదు. ఇప్పుడు నాలుగు అట్టముక్కల్ని మూలల దగ్గర గట్టిగా అంటించి పెట్టెలా చేస్తే ఎటు నుంచి తోసినా రెండు ముక్కలు పొడుగు వెంబడే పనిచేస్తాయి, అవి మిగతా రెండింటినీ పట్టుకుంటాయి. అగ్గిపెట్టె లోపలి అర ఒక్కదాన్నే నొక్కితే నలిగిపోతుంది, పైన డొక్కు తొడిగి నొక్కండి, తేడా మీకే తెలుస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే అసలు, గోడ మందం పెంచుకుంటూ పోతే ఇల్లు గట్టిపడదు, గోడల్ని ఒకదానికొకటి కట్టేస్తే గట్టిపడుతుంది.

లెక్క కూడా చూద్దాం. రెండు గదుల చిన్న ఇల్లు, తొమ్మిది అంగుళాల గోడలు, పైన అయిదు అంగుళాల స్లాబు, సున్నం గచ్చు అంతా కలిపి దాదాపు 50 టన్నులు తూగుతుంది. భూకంపాలకి తట్టుకునేలా కట్టడం గురించి చెప్పే 2016 నాటి ఐఎస్ 1893 కోడ్ దేశాన్ని భూకంప ప్రమాదాన్ని బట్టి జోన్లుగా విడదీసింది, దాని ప్రకారం భద్రాచలం, విజయవాడ, ఒంగోలు ఇవన్నీ జోన్ 3లో ఉన్నాయి (హైదరాబాద్ జోన్ 2), జోన్ 3లో బెల్టులు (ఇంటి చుట్టూ గోడల్ని కలిపి పట్టే కట్లు) లేని మామూలు ఇటుక ఇంటిని భూకంపం దాని బరువులో సుమారు 13 శాతంతో పక్క నుంచి తోస్తుందని లెక్కేస్తారు, అంటే ఆరున్నర టన్నులు. మరి గోడ ఎంత ఆపుతుంది? సిమెంటు మాలుతో కట్టిన గోడకి పైన బరువు సంగతి పక్కన పెట్టినా చదరపు మిల్లీమీటరుకి 0.1 న్యూటన్ (దాదాపు పది గ్రాముల బరువంత) తోపు దాకా ఇటుక గోడల కోడ్ ఐఎస్ 1905 ఒప్పుకుంటుంది, ఆ లెక్కన పదడుగుల పొడుగు, తొమ్మిదంగుళాల మందం ఉన్న గోడ ఒక్కటే దగ్గర దగ్గర ఏడు టన్నులు ఆపాలి. అదే గోడలో నాలుగడుగుల కిటికీ పెడితే నాలుగు టన్నులకి పడిపోతుంది, కిటికీ ఎంత తినేస్తుందో చూడండి. అయినా ఇంట్లో అలాంటి గోడలు నాలుగైదు ఉంటాయి కాబట్టి అన్నీ కలిస్తే సరిపోవాలి, మరి ఇళ్ళెందుకు పడుతున్నాయంటే అవి కలిసి పనిచేయవు కాబట్టి. మూల విడిపోగానే ప్రతి గోడా ఒంటరి అట్టముక్క అయిపోతుంది. మా ఇంట్లో బీరువా వెనకాల నిలువు పగులు చూసి భయపడింది అందుకే. ఇంకో మాట, మట్టి అడుసుతో కట్టిన గోడకి ఈ 0.1 లెక్క అసలు వర్తించదు, దానికి ఇంకా చాలా తక్కువ.

మందం నమ్ముకుంటే ఏమవుతుందో మహారాష్ట్రలోని లాతూరు భూకంపం చెప్తుంది. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా కిల్లారి చుట్టుపక్కల ఊళ్ళల్లో రెండడుగులు మూడడుగులు మందమున్న రాతి గోడలు నిద్రపోతున్న వాళ్ళ మీద పడ్డాయి, వేల మంది పోయారు. ఆ గోడల్లో బయటి వైపు ఒక పొర రాళ్ళు, లోపలి వైపు ఒక పొర, మధ్యలో మట్టీ చిన్న రాళ్ళూ కూరినవి, రెండు పొరల్నీ కలిపే పొడుగు రాయి లేదు. ఊగగానే పొరలు చెరో వైపు పొట్ట వచ్చి విడిపోయాయి, పైన మట్టి మిద్దె బరువు కిందకి దిగింది. మన తెలంగాణ పల్లెల్లో, రాయలసీమలో ఇలాంటి రాతి గోడల మిద్దెలు ఇంకా ఉన్నాయి, వాటి గురించి కింద విడిగా రాస్తా.

పగులు చదవడం

కిటికీ, గుమ్మం మూలల నుంచి ఏటవాలుగా లేచినది, లేదా రెండు కిటికీల మధ్య గోడ మీద ఇంటూ మార్కులా ఉన్నది అంటే గోడ పొడుగు వెంబడి తోపుకి కోతపడింది. రెండు గోడలు కలిసే చోట నిలువు పగులు అంటే మూల విడిపోతోంది, ఇదే ముందు చూడాల్సింది. స్లాబు కింద అడ్డంగా గీతలా ఉంటే అది చాలాసార్లు ఎండకి స్లాబు సాగడం వల్ల వచ్చేది, కంగారు పడక్కర్లేదు. కింద పునాది నుంచి లేచి ఒక చివర వెడల్పుగా ఇంకో చివర సన్నగా ఉంటే పునాది కుంగుతోంది, దానికి బెల్టు వేసి లాభం లేదు, ముందు పునాది సంగతి చూడాలి.

పగులు ఇంకా కదులుతోందా ఆగిందా అని తెలుసుకోవడానికి పాత పద్ధతే మంచిది. సన్నటి గాజు ముక్కని పగులుకి అడ్డంగా పెట్టి రెండు చివర్లా సిమెంటు ముద్దతో అతికించి పక్కన తేదీ రాయండి. మేం మూడు చోట్ల పెట్టాం, రెండు నెలలు ఆగాం, ఒక వర్షం కూడా పడింది, గాజు పగల్లేదు. అప్పుడే పని మొదలెట్టాం. గాజు పగిలితే మాత్రం ఆగి ఇంజనీర్ని పిలవండి. గోడకి పొట్ట వచ్చినా, తూకం గుండు వేసి చూస్తే అంగుళం పైన వాలినా అది కూడా మేస్త్రీతో తేల్చుకునే పని కాదు.

మొదట వచ్చిన మేస్త్రీ చూసీ చూడగానే "పుట్టీ పెట్టి రంగేస్తే కనపడదు బాబూ" అన్నాడు. నాకు చాలా బాధేసింది నిజంగా, ఎందుకంటే ఆ గోడ పక్కనే మంచం వేసుకుని ఒక ఎనభై ఏళ్ళ మనిషి పడుకుంటుంది. పుట్టీ పెడితే పగులు కనపడటం ఆగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. రెండో ఆయన నయం, కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే ఓపిగ్గా విన్నాడు, "అంటే గంపకి తాడు చుట్టినట్టు ఇంటికి చుట్టూ కట్టు కట్టాలంటారు, అంతే కదా సార్" అన్నాడు. అంతే మేస్త్రీ గారూ, సరిగ్గా అదే.

పగుళ్ళు నింపడం

బెల్టుకి ముందు పగుళ్ళు నింపాలి. 5 ఎంఎం లోపు పగులైతే దాని వెంట ఉలితో చిన్న గాడి తీసి, అరడుగుకొకటి చొప్పున సన్న ప్లాస్టిక్ గొట్టాలు గుచ్చి, మధ్య గాడంతా మాలుతో మూసేసి ఒక రోజు ఆరనివ్వాలి. తర్వాత పై గొట్టంలోంచి నీళ్ళు పోసి లోపలి దుమ్ము కడగాలి. ఆ తర్వాత పల్చటి సిమెంటు పాలు అన్నిటికంటే కింద గొట్టం నుంచి ఎక్కించాలి, పైనుంచి పోస్తే లోపల గాలి ఇరుక్కుంటుంది. పై గొట్టంలోంచి పాలు బయటికి రాగానే కిందది మూసి పైదానికి వెళ్ళడం, అలా చివరిదాకా. 5 ఎంఎం దాటిన పగులైతే అటూ ఇటూ పగిలిన ఇటుకలు తీసేసి కొత్తవి పెట్టి కట్టాలి. మా నిలువు పగులు దగ్గర మొత్తం పదకొండు ఇటుకలు మార్చారు, తీసిన చోట చూస్తే అసలు రెండు గోడల ఇటుకలూ ఒకదాంట్లోకి ఒకటి పోలేదు, ఒక గోడ కట్టేసి దానికి ఆనించి రెండోది కట్టారు, మధ్యలో మాలు కూడా సగం సగం. అక్కడ చెయ్యి పెడితే గాలి తగిలింది. నలభై ఏళ్ళు పైన ప్లాస్టింగ్ ఒక్కటే ఆ మూలని పట్టుకుని ఉంది.

అసలు పని, బెల్టు

దీనికి మన దేశంలోనే ఐఎస్ 13935 అని 2009 కోడ్ ఉంది, పాత ఇటుక రాతి ఇళ్ళ రిపేరు, బలం పెంచడం గురించే రాసింది, మీ ఇంజనీర్‌కి ఆ నంబరు చెప్పండి. పద్ధతి చిన్నదే, కిటికీల లింటెల్ (కిటికీ పైన అడ్డంగా ఉండే దిమ్మ) పైన ఇంటి చుట్టూ అన్ని గోడలకీ, వీలైతే లోపలా బయటా రెండు వైపులా, పది పదకొండు అంగుళాల వెడల్పున ఇనుప మెష్ పెట్టి సిమెంటు మాలులో కూరేయడం. పైన ఆర్‌సీసీ స్లాబు ఉంటే స్లాబు కింద ఇంకో బెల్టు అక్కర్లేదు, పెంకుటిల్లు అయితే కావాలి, పక్క త్రికోణం గోడ ఉంటే దాని ఏటవాలు వెంబడి కూడా కావాలి, ఊగినప్పుడు ముందు పడేవాటిల్లో ఆ త్రికోణం ఒకటి.

మెష్ గురించి కొంచెం గట్టిగా చెప్తా. గాల్వనైజ్డ్ వెల్డ్ మెష్ కావాలి, 10 గేజి, అంటే తీగ 3 ఎంఎం పైన ఉంటుంది. మాకు షాపువాళ్ళు మొదట కోళ్ళ జాలీ పంపారు, ప్లాస్టింగ్‌కి అందరూ ఇదే వాడతారు సార్ అని. అది ప్లాస్టింగ్ పగలకుండా ఉంచడానికి పనికొస్తుంది కానీ గోడని లాగి పట్టుకోవడానికి కాదు, చేత్తో లాగితే సాగుతుంది చూడండి. ఆటో వెనక్కి పంపించాం.

ఇప్పుడు వరస. బెల్టు వచ్చే మేరకి రెండు గీతలు కొట్టి, గ్రైండర్‌తో గీతల మీద కోసి, మధ్యలో పాత ప్లాస్టింగ్ ఇటుక కనపడేదాకా తీసేయాలి. ఇటుకల మధ్య సందుల్లో మాలు అరంగుళం లోతు గీకేయాలి, ఈ గీకుడే కూలీలు ఎగ్గొట్టే పని, పక్కనే నిలబడి చేయించుకోండి, ఎందుకంటే కొత్త మాలు గోడని పట్టుకునేది ఆ సందుల్లోనే. వైర్ బ్రష్‌తో దుమ్ము దులిపి, నీళ్ళు కొట్టి బాగా తడపాలి. చిక్కటి సిమెంటు పాలు పూసి అది ఆరకముందే 1:3 మాలు, అంటే ఒక వంతు సిమెంటుకి మూడు వంతుల దొడ్డు ఇసుక, సందుల్లోకి నొక్కుతూ 15 ఎంఎం మందం కొట్టాలి. పై ముఖం నున్నగా చేయొద్దు, గరుకుగా గీతలు పెట్టి వదిలేయాలి. అది పచ్చిగా ఉండగానే మెష్ పెట్టి ఆరంగుళాల మేకులు అడుగుకొకటి చొప్పున కొట్టి బిగించాలి. మెష్ ముక్క అయిపోయి ఇంకోటి మొదలైన చోట కనీసం అడుగు మేర ఒకదాని మీద ఒకటి రావాలి, ఆ అతుకు మూల దగ్గర అస్సలు పడకూడదు, మూలకి మెష్ వంచి తిప్పేసి ఆ తర్వాత గోడ మధ్యలో అతకండి. తర్వాత మళ్ళీ సిమెంటు పాలు బ్రష్‌తో మెష్ మీద కొట్టి వెంటనే రెండో పొర 15 ఎంఎం. మెష్ ఎక్కడా బయటికి కనపడకూడదు.

మూలల్లో ఇదే పని నిలువుగా. మెష్‌ని మూల చుట్టూ వంచి అటు అడుగున్నర ఇటు అడుగున్నర వచ్చేలా, కింద ప్లింత్ (పునాది పైన గోడ మొదలయ్యే మట్టం) నుంచి పైన స్లాబు దాకా. అడ్డం బెల్టూ నిలువు మెష్షూ కలిసే చోట రెండూ బైండింగ్ వైరుతో కట్టాలి. పెద్ద కిటికీలకీ గుమ్మాలకీ చుట్టూతా కూడా పెడితే మంచిది, ఎందుకంటే ఏటవాలు పగుళ్ళు లేచేది ఆ మూలల్లోంచే కదా. రెండు వైపులా బెల్టు వేశాం కాబట్టి మూడు నాలుగు అడుగులకొకటి గోడకి ఆరపార డ్రిల్ కొట్టి 6 ఎంఎం రాడ్డు దూర్చి రెండు చివర్లా మెష్‌కి కొక్కెంలా వంచాం, ఖర్చు పెద్దగా లేదు, రెండు వైపులా ఒకటే అయిపోతుంది.

తర్వాత తడపడం. గోనె సంచులు వేలాడేసి పద్నాలుగు రోజులు పొద్దున్నా సాయంత్రం నీళ్ళు. మూడో రోజుకే అందరికీ విసుగొస్తుంది. మా అమ్మమ్మే తులసి చెట్టుకి పోసినట్టు మగ్గుతో పోసేది, అందిన చోటికి. ఆరిపోయిన 1:3 మాలు పగులుతుంది, పగిలితే మెష్ తుప్పు పడుతుంది, ఇన్ని రోజుల పనీ పోతుంది.

ఇంట్లో ఉంటూనే చేయించుకోవచ్చు, ఒకేసారి అన్ని గోడలూ విప్పకుండా ఒక గది అయ్యాక ఒకటి. కరెంటు వైర్లు ఎక్కడ పోతున్నాయో ముందు చూసుకుని మెయిన్ ఆపి గ్రైండర్ పెట్టండి.

రాతి గోడలకి

మట్టీ రాయీ గోడైతే బెల్టు ఒక్కటే చాలదు, ముందు లోపలి పొరనీ బయటి పొరనీ కుట్టాలి. ఒక రాయి మెల్లగా, పలుగుతో పొడవకుండా, కదిలించి తీసి అక్కడ నుంచి అవతలి ముఖం దాకా మూడంగుళాల బెజ్జం చేయాలి, రెండు చివర్లా కొంచెం వెడల్పుగా, మధ్యలో సన్నగా. అందులో 8 ఎంఎం రాడ్డు రెండు చివర్లా కొక్కెం వంచింది పెట్టి 1:2:4 కాంక్రీటు (సిమెంటు, ఇసుక, కంకర) కూరేసి పది రోజులు తడపాలి. అడ్డంగా నిలువుగా మీటరుకొకటి, పై వరస వచ్చేసరికి అరమీటరు పక్కకి జరిపి. సుత్తితో బాదే మేస్త్రీకి ఈ పని ఇవ్వొద్దు, గోడ మీద చెయ్యి మెత్తగా ఉండే మనిషి కావాలి. పైన మట్టి మిద్దె ఉంటే, ఏటేటా కురవకుండా వేసిన మట్టి పొర మీద పొర పేరుకుని ఉంటుంది, ఆ అదనపు మట్టి దింపేయడం అన్నిటికంటే చవకైన పని, ఎందుకంటే తోపు బరువుని బట్టే వస్తుంది, ఎంత బరువు దింపితే అంత తోపు తగ్గుతుంది.

కొత్తగా కట్టుకుంటుంటే

పిల్లర్లు లేకుండా గోడల మీదే కడుతున్నట్టైతే కిటికీల పైన విడివిడి లింటెల్స్ కాకుండా ఇంటి చుట్టూ తెగకుండా ఒకే లింటెల్ బ్యాండ్ పోయించండి, మూడంగుళాల మందం, రెండు రాడ్లు, ఆరంగుళాలకొక 6 ఎంఎం లింకు (రెండు రాడ్లనీ కలిపే అడ్డ కడ్డీ), చిన్న గదులకి అంతే సరిపోతుంది. ఆ చిన్న బ్యాండుకి అయ్యే ఖర్చు ఇంట్లో ఒక గుమ్మానికి పెట్టే టేకు తలుపంత కూడా ఉండదు, తర్వాత మాలా గోడలు కోసుకుని బెల్టు వేయించుకోవాలంటే దానికి ఎన్నో రెట్లు. మూలల్లో పునాది నుంచి స్లాబు దాకా ఒక 10 ఎంఎం రాడ్డు నిలబెట్టి చుట్టూ కాంక్రీటు పోయించండి. గోడలన్నీ ఒకే మట్టంలో కలిపి లేపమనండి, ఈ రోజు ఒకటి రేపు ఒకటి అంటే కనీసం మెట్లు మెట్లుగా వదిలి ఆపాలి. కిటికీలు మూలకి ఆనించి పెట్టొద్దు, కనీసం అడుగున్నర గోడ వదలండి, ఒక గోడలో కిటికీలూ గుమ్మాలూ అన్నీ కలిపి ఆ గోడ పొడుగులో సగం దాటొద్దు. వాస్తు ప్రకారం మూలలోనే రావాలంటే కిటికీ చిన్నది చేసుకోండి, మూల గోడ మాత్రం వదులుకోవద్దు.

ఇంకో రెండు విషయాలు ఉన్నాయి, పాత ఇల్లైనా కొత్త ఇల్లైనా. స్లాబు మీద వెయ్యి లీటర్ల ట్యాంకు అంటే టన్ను బరువు, దాన్ని గది మధ్యలోనో అంచునో కాకుండా రెండు గోడలు కలిసే చోటు పైన పెట్టించండి, మేం కూడా పని అయ్యాక ట్యాంకు జరిపించాం. రెండోది, ప్లంబరూ కరెంటు మేస్త్రీ వచ్చి పైపుల కోసం గోడకి అడ్డంగా గాడి కోస్తానంటే ఒప్పుకోకండి, నాలుగున్నర అంగుళాల గోడకి అంగుళంన్నర లోతు గాడి పొడుగ్గా కొడితే అక్కడ మూడంగుళాలే మిగులుతుంది, నిలువుగా కోయించి పైనుంచి తిప్పుకోమనండి. బెల్టు వేసిన గోడ మీద అయితే ఎక్కడెక్కడ మెష్ ఉందో పెన్సిల్‌తో కాకుండా పెయింటుతో చిన్న గుర్తు పెట్టి ఉంచండి, మేం ఏసీ బిగించడానికి వచ్చిన కుర్రాడికి ఆ గుర్తులు చూపించి అరడుగు కిందకి జరిపి డ్రిల్ కొట్టించాం.